చుక్క పెట్టని అంకె

మా కాలేజీ బస్సుకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో పొద్దున్నే డ్రైవర్ పెట్టే మెసేజీలు తప్ప ఇంకేమీ ఉండవు. బస్సు బయల్దేరింది, జామ్‌లో ఉంది, రేపు సెలవు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న అదే గ్రూపులో వచ్చింది: "బాబూజీ నహీ రహే. ఆజ్ బస్ దస్ మినట్ లేట్ ఆయేగీ." బాబూజీ పోయారు, ఇవాళ బస్సు పది నిమిషాలు ఆలస్యం. రెండూ ఒకే మెసేజీలో. దాని కింద ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఇంకొకరు "ఓకే" అని పెట్టారు. ఆ ఓకే దేనికో నాకు ఇప్పటికీ తెలియదు.

టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోనే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ సిగ్గుపడి దాచుకునేటట్టయితే ఇది రాయడమే దండగ. "ఆ సంగతి నన్ను అడగగలిగిన మనిషి ఇక లేడు" అనుకున్నాను. అనుకుని, గుండెల మీంచి బరువు దిగినట్టు ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. ఛీ, నేనేం మనిషిని అనిపించింది. ఆ ఛీ ఇంకా పోలేదు.

బస్సులో అందరికీ ఆయన బాబూజీ. నాకు బాబాయి గారు. చుట్టరికం ఏమీ లేదు. విజయనగరం వైపు నుంచి కుర్రతనంలో ఢిల్లీ వచ్చి, ఒక పెద్ద సర్కారు ఆసుపత్రి రికార్డు రూములో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యారు. తర్వాత గ్రేటర్ నోయిడాలో మా మెడికల్ కాలేజీ వాళ్ళు కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఇల్లు ఢిల్లీ శివార్లలో వైశాలిలో, మా సొసైటీకి రెండు గల్లీల అవతల. నేను అదే కాలేజీలో పిల్లల డాక్టర్ని. చేరిన కొత్తలో ఒకరోజు మెట్రో స్తంభం కింద బస్సు కోసం నిలబడి, ఫోన్లో మా అమ్మతో గట్టిగా పోట్లాడుతున్నాను. పక్కనే ఒక పెద్దాయన గొడుగు మడుస్తూ, నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "ఏటమ్మా, కాకినాడేనా?" అన్నారు. ఎలా తెలిసిందని అడిగితే, "ఆ గొంతు వేసుకుని ఇంకెవరు అరుస్తారు" అన్నారు. అప్పట్నుంచీ ఆయన పక్క సీటు నాది.

వైశాలి నుంచి కాలేజీకి గంటకి పైనే ప్రయాణం. ఆ సీటులో మేం చేసిన పని పేపర్లు తయారు చేయడం. డాక్టర్లు కానివాళ్ళకి ఇది చెప్పాలి. మా ఉద్యోగాల్లో ఎంతమంది పిల్లల్ని బతికించావని ఎవరూ అడగరు, ఎన్ని పేపర్లు అచ్చయ్యాయని అడుగుతారు. పరిశోధన చేసి, దాన్ని ఒక పద్ధతిగా రాసి, మెడికల్ జర్నల్‌కి పంపాలి. వాళ్ళు తిప్పికొడతారు. మళ్ళీ రాసి ఇంకోదానికి పంపాలి. ఒక జర్నల్‌కి కామా కావాలి, ఇంకోదానికి అదే చోట ఫుల్‌స్టాప్ కావాలి. ఒకరికి రచయితల పేర్లు ఆరు చాలు, ఇంకొకరికి అందరివీ రాయాలి. నేను విసుక్కుంటే బాబాయి గారు నవ్వేవారు. "శుభలేఖలో పేర్ల దగ్గర మనవాళ్ళు పెట్టే పేచీల కంటేనా? రాసి పడేయ్" అనేవారు.

నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఎంతమంది డాక్టర్ల థీసిస్‌లు ఆయన చేతుల మీదుగా వెళ్ళాయో లెక్కలేదు. కేసు షీట్లు వెతికిచ్చేది ఆయన, పట్టికలు గీసేది ఆయన, తప్పులు పట్టేది ఆయన. పేరు మాత్రం ఎక్కడా లేదు. పేపర్ల చివర "వీరి సాయానికి కృతజ్ఞతలు" అని నాలుగు లైన్లుంటాయి, అక్కడ కూడా లేదు. ఈ సంగతి ఆయన చెప్పలేదు, వాళ్ళావిడ, మా పిన్ని, చెప్పారు. నేను రోషం వచ్చి, "ఈసారి నా పేపర్లో మీ పేరు వేస్తాను చూడండి పిన్నీ" అన్నాను. పిన్ని పొంగిపోయి ఆ పూట నన్ను భోజనం చేయకుండా కదలనివ్వలేదు. బాబాయి గారు కంచంలోంచి తల ఎత్తకుండా "ముందు పేపరు అవ్వనీవే" అన్నారు. కానీ చెవులు ఎర్రబడ్డాయి, నేను చూశాను.

ఆయన పద్ధతి ఒకటుంది. పేపర్లో పట్టికలుంటాయి. ఎంతమంది పిల్లలు చేరారు, ఎంతమందికి తగ్గింది, ఎంతమందికి తిరగబెట్టింది అని. నేను కాగితం చూడకుండా ఆ అంకెలన్నీ ఎక్కాల్లా అప్పజెప్పాలి. ఆయన రిజిస్టరులోంచి రాసుకొచ్చిన లెక్కా, నా పట్టిక ప్రింటూ ఒళ్ళో పెట్టుకుని వింటారు. సరిపోయిన ప్రతి అంకె నెత్తిన ప్రింటు మీద పెన్సిలుతో ఒక చుక్క పెడతారు. తడబడితే "మళ్ళీ మొదట్నుంచి" అంటారు. ముందు సీట్లలో నర్సులు వెనక్కి తిరిగి చూసి నవ్వేవాళ్ళు. నాకు తలకొట్టేసినట్టుండేది. "డాక్టర్ని బాబాయి గారూ, రెండో క్లాసు పిల్లని కాదు" అంటే, "అడ్డంగా కూడినా నిలువుగా కూడినా ఒకటే రావాలమ్మా. రాలేదంటే ఎక్కడో ఒక పిల్లో పిల్లాడో జాతరలో తప్పిపోయినట్టే. వెతకాలి" అనేవారు. పెన్సిలు చెక్కిన పొట్టు బస్సులో పడకుండా అగ్గిపెట్టెలో వేసుకునేవారు. కేసు నంబరు అనేవారు కాదు, ఊరో పేరో చెప్పేవారు. "మన దాద్రీ మోనూ", "ఆ జేవర్ పిల్ల" అని, మేనల్లుళ్ళ గురించి చెప్పుకున్నట్టు.

అసలు సంగతికి వస్తాను. పిల్లల్లో వచ్చే ఒక కిడ్నీ జబ్బుకి రోజూ ఒక మందు ఇస్తాం. అది రోజు విడిచి రోజు ఇచ్చినా సరిపోతుందా అన్నది నా పరిశోధన. సరిపోతే పేద తల్లిదండ్రులకి సగం భారం తగ్గుతుంది, పిల్లలకి సగం మందు తగ్గుతుంది. నా ఫలితం సరిపోతుందనే వచ్చింది. నాకంటే, ఆ పేపర్లో తన పేరు కూడా ఉన్న మా డిపార్ట్‌మెంటు హెడ్డు, హెచ్‌ఓడీ సార్ ఎక్కువ సంతోషించారు. అప్పటికి ఆ పేపరు రెండు చోట్ల తిప్పికొట్టారు. మూడో జర్నల్‌కి సిద్ధం చేస్తున్నాం. నెలాఖరుకి నా ప్రమోషన్ ఫైలు వెళ్ళాలి. అది తప్పితే మళ్ళీ ఎన్నేళ్ళకో.

ఒకరోజు అప్పజెప్పుతూ ఉంటే అన్నీ అయ్యాక చివరి అంకె దగ్గర బాబాయి గారి పెన్సిలు ఆగిపోయింది. ఏడు. మధ్యలో రావడం మానేసిన పిల్లల సంఖ్య అది.

"ఈ ఏడుగురూ ఎక్కడున్నారమ్మా?"

"మళ్ళీ రాలేదు బాబాయి గారూ. ప్రతి పేపర్లోనూ కొందరు అలా ఉంటారు. అలాగే రాసేస్తాం."

"రాలేదంటే?"

"తగ్గిపోయుంటుంది, ఇక మనతో పనేముంటుంది?"

"తగ్గితే రారు, సరే. పోయినా రారు కదమ్మా."

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. తన లెక్క కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని, ప్రింటు నాకిచ్చేశారు.

ఆ తర్వాత రెండు వారాలు మధ్యాహ్నం తిండి వేళ రికార్డు రూములో కూర్చుని ఆయన ఫోన్లు చేశారు. కేసు షీట్లలో ఉన్న నంబర్లలో సగం పనిచేయవు. ఒక ఊరి పిల్ల కోసం ఆ ఊరి నుంచి మా దగ్గరకి వచ్చిన ఇంకో పేషెంటుకి ఫోన్ చేసి, అక్కడి నుంచి కిరాణా కొట్టతనికి, అతని నుంచి పిల్ల మేనమామకి. నేను ఒకసారి వెళ్ళి గుమ్మంలో నిలబడి విన్నాను. "అస్పతాల్ సే బాబూజీ బోల్ రహా హూఁ" అని, ఆసుపత్రి నుంచి బాబూజీనంటూ మొదలుపెట్టి, వానలు పడ్డాయా, గోధుమ ఎలా ఉంది అని అడిగి, ఆ తర్వాతే పిల్లాడి సంగతి అడుగుతున్నారు. అవతలి వాళ్ళు ఏదో చెప్పారు. ఆయన పెన్సిలు కింద పెట్టేశారు. ఫోన్ మాత్రం పెట్టలేదు.

ఒక గురువారం బస్సు ఎక్కగానే చిన్న నోట్‌బుక్ తీశారు. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంది. "ముగ్గురు బాగున్నారు. ఒకడు బడికి కూడా వెళ్తున్నాడట" అన్నారు. నేను "చూశారా, చెప్పలేదూ!" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నలుగురు లేరమ్మా. మన దాద్రీ మోనూ కూడా. నలుగురూ రోజు విడిచి రోజు మందేసుకున్నవాళ్ళే."

ఒక మంచి డాక్టరయితే ఆ మాట వినగానే ఏం చేయాలో నాకు తెలుసు. నేను చేసింది ఆయన మీద అరవడం. బస్సంతా వింటుండగా అరిచాను. మిమ్మల్నెవరు చేయమన్నారు, గుమాస్తా పని గుమాస్తా చేసుకోక, మూడేళ్ళ నా కష్టం మీకు ఆటగా ఉందా అని, నోటికి ఎంత వస్తే అంతా అన్నాను. గుమాస్తా అన్న మాట మాత్రం తెలుగు రానివాళ్ళకి కూడా అర్థమయ్యే స్వరంలో అన్నాను. నర్సులు ఈసారి నవ్వలేదు. ఆయన నోట్‌బుక్ నా వైపు చాచి అన్నారు:

"ఎందుకు పోయారో నాకు తెలీదు డాక్టరమ్మా. మందు వల్లో, జ్వరం వల్లో, అది నీ చదువు. పోయారని మాత్రం నాకు తెలుసు. అదే రాయి."

నేను నోట్‌బుక్ తీసుకోలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

హెచ్‌ఓడీ సార్‌కి చెప్పానండీ, చెప్పకుండా ఉండలేదు. ఆయన కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే, "స్టడీ క్లోజ్ హో చుకీ హై. ఫోన్ పే సునీ బాత్ డేటా నహీ హోతీ" అన్నారు. స్టడీ ముగిసింది, ఫోన్లో విన్న మాట లెక్కలోకి రాదు. ఎంత హాయిగా ఉందో ఆ మాట! మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు పట్టుకున్నాను. ఆ నలుగుర్నీ లెక్కలోకి తెస్తే నా ఫలితం నిలబడదు. తేకపోతే నిలబడుతుంది. అంతే, అంతకంటే కష్టమైన ప్రశ్న ఏమీ కాదది. ఇందులో ఉన్నదంతా మాకు తెలిసినంత వరకు నిజమని ఒప్పుకుంటున్నాము అని జర్నల్ వాళ్ళ వెబ్‌సైట్లో ఒక గడి ఉంటుంది. ఆ గడిలో టిక్కు పెట్టింది సార్ కాదు, నేను. ఏడుగురూ "మళ్ళీ రానివాళ్ళు"గా వెళ్ళిపోయారు.

పంపే ముందు ఒక ఫారం మిగిలింది. కృతజ్ఞతల్లో ఎవరి పేరైనా వేస్తే, వేయడానికి వాళ్ళు ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి. ఆ ఫారం పట్టుకుని బస్సులో ఆయన పక్కన కూర్చున్నాను. అరిచిన తర్వాత మా మధ్య సరైన మాటల్లేవు, అయినా సీటు మీద గొడుగు పెట్టి నాకోసం ఆపుతూనే ఉన్నారు. ఫారం మొత్తం చదివారు, వెనక పేజీ కూడా. "పేపర్లో ఆ ఏడు అలాగే ఉందా అమ్మా?" అని అడిగారు. తలూపాను. ఫారం నీటుగా మడిచి నా చేతిలో పెట్టారు.

"ఇదొద్దులే డాక్టరమ్మా. పిన్నికి నేను చెప్పుకుంటాను."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, నేను కూడా కోప్పడి బతికిపోయేదాన్ని.

పేపరు అచ్చయింది. ప్రమోషన్ వచ్చింది. బస్సంతా కాజాలు పంచాను. బాబాయి గారు ఒకటి తీసుకుని జేబురుమాల్లో చుట్టుకుని "పిన్నికి" అన్నారు. ఆ తర్వాత నేను మెల్లగా వెనక సీట్లోకి మారాను. ఫోన్ కాల్స్ ఉంటాయనీ, ముందు ఎండ కొడుతుందనీ ఏవో చెప్పాను. ఆయన గొడుగు మాత్రం ఆ సీటు మీద చాలా నెలలు అలాగే ఉండేది. ఎక్కేటప్పుడు చూసీ చూడనట్టు దాటిపోయేదాన్ని. వేరే ఊళ్ళ నుంచి ఇద్దరు ముగ్గురు డాక్టర్లు మెయిల్ చేశారు, మీ పేపరు చదివాం, మేమూ రోజు విడిచి రోజు మొదలుపెట్టాం, తల్లిదండ్రులు సంతోషంగా ఉన్నారు అని. ఒక్కదానికీ జవాబివ్వలేదు.

పోయే ముందు వారం, వైశాలిలో బస్సు దిగాక ఆయన నాకోసం ఆగారు. బాగా చిక్కిపోయారు. "డాక్టరమ్మా, పేపరు అచ్చయిపోయాక దిద్దుకోడానికి దారుంటాదా?" అని అడిగారు.

"ఉంటుంది బాబాయి గారూ. ఉత్తరం రాయాలి."

"అచ్ఛా" అన్నారు. ఇంకేమైనా అంటానేమోనని కాసేపు నిలబడ్డారు. నేను "చూద్దాం" అన్నాను. ఆయన గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు వాన లేదు, ఎండా లేదు. ఎందుకు తెరిచారో అప్పుడు ఆలోచించలేదు. మొహం కనపడకుండానేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

మంగళవారం తెల్లారుజామున గుండె ఆగిపోయింది. పన్నెండో రోజు దాటాక వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి ఒక నిశ్చయానికి వచ్చాను: ఉత్తరం రాస్తాను, ఆ నోట్‌బుక్ జతచేస్తాను, పోతే ప్రమోషన్ పోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకూ తెలుసు. పిన్ని నన్ను చూసి ఏడ్చి, కాసేపటికి కళ్ళు తుడుచుకుని అడిగారు:

"అమ్మా, ఆ పేపర్లో ఆయన పేరు ఎక్కడుందో ఒకసారి చూపిస్తావా? నాకు ఇంగ్లీషు రాదు గానీ పేరు గుర్తుపడతాను. ఎన్నిసార్లడిగినా, 'లోపలెక్కడో చిన్నగా ఉంటాదిలే, నీ కళ్ళకి ఆనదు' అనేవారు."

పిన్నికి ఆయన చెప్పుకున్నది అదన్నమాట. అబద్ధం ఆడని మనిషి, నా మీద మాట రాకుండా ఆడిన అబద్ధం. "తెచ్చి చూపిస్తాను పిన్నీ" అన్నాను. ఇంకో అబద్ధం.

నోట్‌బుక్ గురించి అడిగాను. క్యాలెండరు అట్ట వేసినది. "అయ్యో, శుద్ధి చేసి ఇల్లు కడిగిన రోజున ఆయన కాగితాలన్నీ పాత సామాన్లు కొనే కబాడీ వాడికిచ్చేశాం కదమ్మా. అవసరమైనవేటి?" అన్నారు. కాదు పిన్నీ అన్నాను. ఆ రోజు ఇది నా రెండో అబద్ధం.

అయినా ఉత్తరం రాశాను. నోట్‌బుక్ లేకుండానే. జర్నల్ వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. ఆధారాలు పంపాలి, పేపరు రాసినవాళ్ళందరూ సంతకం పెట్టాలి. హెచ్‌ఓడీ సార్ నా మొహం చూసి, "పాగల్ హో గయీ హో?" అన్నారు, పిచ్చెక్కిందా అని. సంతకం పెట్టలేదు. ఆధారాల కోసం కేసు షీట్లలో ఉన్న నంబర్లకి నేనే ఫోన్లు చేశాను. ఒకటి లేదన్నారు, ఒకటి స్విచాఫ్, ఒకటి ఇంకెవరిదో. ఆయన ఏ కిరాణా కొట్టు ద్వారా, ఏ మేనమామ ద్వారా చేరారో ఆ దారంతా ఆ నోట్‌బుక్‌తోనే పోయింది.

ఒక్కటి మాత్రం కలిసింది. దాద్రీ మోనూ వాళ్ళమ్మ ఎత్తింది. ఆసుపత్రి నుంచి అనగానే, "బాబూజీ కైసే హైఁ?" అంది, బాబూజీ ఎలా ఉన్నారని. ఈ నెల ఆయన ఫోన్ రాలేదట. నెలనెలా వచ్చేదట. చిన్నవాడిని బడిలో వేశావా, కీళ్ళనొప్పులు తగ్గాయా అని అడిగేవారట. మోనూ పోయిన ఇంటికి, వాడు పోయాక కూడా, నెలనెలా. నేను ఆయన పోయారని చెప్పలేకపోయాను. మోనూ గురించి అడగలేకపోయాను. బాగున్నారని చెప్పి పెట్టేశాను. ఒక్క తల్లి మాటతో జర్నల్ కదలదు, ఆ మాట కూడా నేను అడిగి తెచ్చుకోలేదు. పేపరు అక్కడే ఉంది. ఎవరో ఒక డాక్టరు ఇవాళ కూడా దాన్ని చదివి ఉంటారు.

మీలో డాక్టర్లుంటారు, ఆ పేపరు చదివినవాళ్ళు కూడా ఉండొచ్చు. దాని పేరు ఇక్కడ రాయడానికి నాకు వీల్లేకపోయింది. వీల్లేకపోవడం అన్నది నా పిరికితనానికి ఇంకో పేరు. రోజు విడిచి రోజు ఇస్తూ ఉంటే, రాని పిల్లల ఇళ్ళకి ఒక్కసారి ఫోన్ చేయండి. బాబాయి గారి గురించి నేను చెప్పుకోగలిగినది, చేయమని అడగగలిగినది అదే.

అప్పుడు బస్సులో అప్పజెప్పిన ప్రింటు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇవాళ తీసి బల్ల మీద పరిచాను. అంకె అంకె నెత్తినా ఆయన చుక్క ఉంది, బస్సు కుదుపుకి కొన్ని పక్కకి జారి. అడ్డంగా చూసుకుంటూ వెళ్ళాను, నిలువుగా చూసుకుంటూ వచ్చాను. ఏడు మీద ఏమీ లేదు. దాని పక్కన అంచులో, పెన్సిలు మొన ఆనించి చాలాసేపు ఆగినచోట, కాగితం కొంచెం లోపలికి నొక్కుకుని ఉంది.